నాలుగు వందల కిలోమీటర్ల భరోసా

‘మనకు ఎస్-400 ఉంది, ఈగ కూడా వాలదు.’ గగనతల రక్షణ కోసం రష్యా నుంచి కొన్న ఆ క్షిపణి వ్యవస్థ గురించి 2025 మే నెల తర్వాత ఈ మాట తెలుగునాట దాదాపు సామెత అయిపోయింది. టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, పాత కరీంనగర్ జిల్లా కోనరావుపేట హోటళ్ల దగ్గర చాయ్ తాగుతూ పేపర్ తిరగేసేవాళ్ల మధ్య, కోరుట్ల నుంచి హైదరాబాద్ పోయే బస్సుల్లో ఎవరిని కదిపినా ఇదే వినిపించింది. దానికి తోకగా ఇంకో మాట కూడా ఉంది. శత్రువు పంపిన డ్రోన్లను కూల్చింది మన హైదరాబాద్‌లో తయారైన ఆకాశ్ క్షిపణే కాబట్టి ఇక లెక్కలడగాల్సిన పని లేదట. మొదటి మాటలో సగమే నిజం. రెండో మాటలో నిజం ఎంత ఉన్నా, దాన్నుంచి తేల్చిన ముగింపు మాత్రం తప్పు.

జరిగింది జరిగినట్టు ముందు చూడాలి. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్‌లో భారత్ తొమ్మిది ఉగ్రవాద స్థావరాలను కొట్టింది. ఆ రాత్రి పాకిస్తాన్ శ్రీనగర్, జమ్ము, పఠాన్‌కోట్, అమృత్‌సర్ మొదలుకొని భుజ్ దాకా పదిహేను చోట్ల సైనిక లక్ష్యాల మీదికి డ్రోన్లు, క్షిపణులు పంపింది. మర్నాటి రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ వరకు 36 చోట్ల 300 నుంచి 400 దాకా డ్రోన్లు వచ్చాయని సైన్యం ప్రకటించింది. వాటిలో అత్యధికం పని పూర్తి చేయకుండానే పడిపోయాయి. ఇది చిన్న విజయం కాదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆ రాత్రులు రాడార్ తెరల ముందు కూర్చున్నవాళ్లకు అన్యాయం చేసినట్టే.

అయితే వాటిని కూల్చిందెవరు? మే 12న జరిగిన విలేకరుల సమావేశంలో ఎయిర్ మార్షల్ ఏ.కె.భారతి ఆకాశ్‌ను మెచ్చుకుంటూనే మరికొన్ని పేర్లు చెప్పారు. పెచోరా, ఓసా-ఏకే, తక్కువ ఎత్తు లక్ష్యాలను కొట్టే విమాన విధ్వంసక తుపాకులు. పెచోరా సోవియట్ కాలం నాటి క్షిపణి. సైన్యం చేతిలో ఉన్న ఎల్-70 తుపాకీ స్వీడన్‌లో బోఫోర్స్ కంపెనీ రూపొందించిన 40 మిల్లీమీటర్ల పాత ఆయుధం. దానికి కొత్త కళ్లు, కొత్త మోటార్లు బిగించి వాడుతున్నారు. చిన్న డ్రోన్ల మీద వీటి గుండ్ల వాన బాగా పనిచేసింది. కొన్ని డ్రోన్ల సిగ్నళ్లను జామ్ చేసి దించేశారు, కొన్ని దాదాపు చెక్కుచెదరకుండానే దొరికాయి. అంటే ఆ రాత్రుల కథలో నాలుగు వందల కిలోమీటర్ల రేంజి ఉన్న ఎస్-400 ఒక పాత్ర మాత్రమే, కథానాయకుడు కాదు. పోస్టర్ మీద మాత్రం దాని బొమ్మే పడింది. మే 13న ప్రధాని ఆదంపూర్ వైమానిక స్థావరానికి వెళ్లినప్పుడు వెనుక నిలబడ్డ ఎస్-400 లాంచర్ ఫోటో ఊరూరా తిరిగింది. ఎల్-70 ఫోటోను ఎవరు స్టేటస్‌గా పెట్టుకున్నారు?

ఈగ వాలలేదన్న మాటను ప్రభుత్వమే ఒప్పుకోలేదు. ఉధంపూర్, పఠాన్‌కోట్, ఆదంపూర్, భుజ్ స్థావరాల్లో పరికరాలకు, సిబ్బందికి పరిమిత నష్టం జరిగిందని మే 10న అధికారికంగానే చెప్పారు. నాలుగు రోజుల యుద్ధంలో అంతే జరగడం మెచ్చుకోదగ్గదే. కానీ ‘పరిమిత నష్టం’ వేరు, ‘ఈగ వాలకపోవడం’ వేరు. మొదటిది సైనికులు వాడిన మాట, రెండోది స్టూడియోలో కూర్చున్నవాళ్లు వాడిన మాట. పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్ జిల్లా ఖాయ్ ఫేమే కీ అనే ఊళ్లో మే 9 రాత్రి ఒక ఇంటి మీద డ్రోన్ పడి మంటలు లేచాయి. ముగ్గురు గాయపడ్డారు, అందులో ఒక మహిళ చికిత్స పొందుతూ చనిపోయింది. పూంఛ్‌లో ప్రాణాలు తీసినవి ఫిరంగి గుండ్లు. శ్రీసత్యసాయి జిల్లా నుంచి సైన్యంలో చేరిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గరి కాల్పుల్లోనే అమరుడయ్యాడు. ఫిరంగి గుండుకూ, తుపాకీ తూటాకూ ఎస్-400 అడ్డు పడదు. అది అందుకోసం తయారైంది కాదు.

ఇక ఆ డ్రోన్ల గుంపు ఎందుకు వచ్చినట్టు? మే 9న కల్నల్ సోఫియా ఖురేషీ చెప్పిన మాటను జనం విన్నారు గానీ దాని బరువు పట్టించుకోలేదు. మన గగనతల రక్షణ వ్యవస్థలను పరీక్షించడం, సమాచారం సేకరించడం ఆ చొరబాట్ల ఉద్దేశం కావచ్చని ఆమె అన్నారు. మే 10న వచ్చిన డ్రోన్లలో ఆయుధాలు లేనివీ ఉన్నాయని త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ జులైలో చెప్పారు. ఒక డ్రోన్ కూలిన చోట ఏ రాడార్ వెలిగింది, ఏ తుపాకీ ఎక్కడి నుంచి పేలింది, ఎంతసేపట్లో స్పందన వచ్చింది అన్నది అవతలివాడికి పాఠం. పడిపోయిన ప్రతి డ్రోన్‌నూ మన ఖాతాలో గెలుపుగా రాసుకునేవాళ్లు అవతలి ఖాతా కూడా ఒకటి ఉందని మరిచిపోతున్నారు.

ఇప్పుడు ఆ నాలుగు వందల కిలోమీటర్ల సంగతి. ఎస్-400 వాడే క్షిపణుల్లో అన్నిటికంటే ఎక్కువ రేంజి ఉన్నదానికి అంత దూరం వెళ్లే శక్తి ఉంది, నిజమే. కానీ కొట్టాలంటే ముందు కనపడాలి. భూమి గుండ్రం. పది మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు, యాభై మీటర్ల ఎత్తులో నేలను రాసుకుంటూ వచ్చే క్రూయిజ్ క్షిపణి కనిపించేది సుమారు 42 కిలోమీటర్ల దూరానికి వచ్చాకే. అంతకు ముందు అది భూమి వంపు కింద ఉంటుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్షిపణి ఆ 42 కిలోమీటర్లను మూడు నిమిషాల్లోపే దాటేస్తుంది. గుర్తించడం, మనదా వాళ్లదా తేల్చడం, ఆదేశం ఇవ్వడం, పేల్చడం, తప్పితే మళ్లీ పేల్చడం అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే జరగాలి. మక్కచేనులో మంచె మీద కూర్చున్న కావలివాడికి చెలక అవతలి గుట్ట దాకా కనిపిస్తుంది గానీ, ఒర్రె వెంట తల దించుకుని వచ్చే అడవిపంది గట్టు ఎక్కేదాకా కనపడదు. మంచెను ఎంత మెచ్చుకున్నా ఒర్రె దగ్గర ఇంకొకరు నిలబడాల్సిందే. అందుకే ఆకాశంలో తిరిగే రాడార్ విమానాలు, సరిహద్దు వెంట చిన్న రాడార్లు, వాటన్నిటినీ కలిపే వైమానిక దళ ఐఏసీసీఎస్, సైన్యానికి బీఈఎల్ తయారుచేసిన ఆకాశ్‌తీర్ లాంటి వ్యవస్థలు కావాలి. క్షిపణి పేరు తెలిసినవాళ్లలో నూటికి పదిమందికైనా ఆకాశ్‌తీర్ ఏం చేస్తుందో తెలుసా అన్నది అనుమానమే.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. 2025 ఆగస్టు 9న బెంగళూరులో వైమానిక దళ ప్రధానాధికారి ఏ.పి.సింగ్, పాకిస్తాన్‌కు చెందిన ఐదు యుద్ధ విమానాలతో పాటు ఒక పెద్ద విమానాన్ని సుమారు 300 కిలోమీటర్ల దూరాన కూల్చామని చెప్పారు. పాకిస్తాన్ కాదంది. ఆయన మాటనే ప్రమాణంగా తీసుకుందాం. అది ఏం రుజువు చేస్తుంది? ఎత్తున ఎగిరే పెద్ద విమానాలు, ముఖ్యంగా నిఘా విమానాలు, సరిహద్దు దగ్గరికి రావడానికి జంకుతాయని. అది గొప్ప ప్రయోజనమే. ఎక్కువ దూరం వెళ్లే క్షిపణి అసలు పని అదే. తక్కువ ఎత్తున వచ్చే క్షిపణినీ, గుంపుగా వచ్చే చవక డ్రోన్లనూ అదే ఆపుతుందని మాత్రం ఆ ఘటన చెప్పదు.

సంఖ్యల లెక్క కూడా కటువైనదే. 2018 అక్టోబరులో 543 కోట్ల డాలర్లకు ఐదు ఎస్-400 స్క్వాడ్రన్లకు ఒప్పందం కుదిరింది. 2025 మేలో యుద్ధం వచ్చేనాటికి చేతికి అందినవి మూడు. ఉక్రెయిన్ యుద్ధంతో మిగతా రెండూ ఆలస్యమయ్యాయి. పాకిస్తాన్‌తో సరిహద్దు 3,323 కిలోమీటర్లు, చైనా వైపు 3,488. మూడు స్క్వాడ్రన్లను ఈ గీత మీద పరిచి ‘దేశమంతా కప్పేశాం’ అనడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం సైన్యానికి లేదు, ఉండకూడదు కూడా. 2025 జులై 4న ఢిల్లీలో సైన్యం ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాహుల్ ఆర్.సింగ్ బహిరంగంగానే రెండు విషయాలు చెప్పారు. ఈసారి మన జనావాసాలు పెద్దగా లక్ష్యం కాలేదు, వచ్చేసారి దానికీ సిద్ధపడాలి అన్నది ఒకటి. ఇజ్రాయెల్‌కు ఉన్న వెసులుబాటు మనకు లేదు, దేశం పెద్దది, ఇలాంటి వ్యవస్థలకు ఖర్చు విపరీతం అన్నది రెండోది.

ఆ రెండో మాటను ఇక్కడి కొలతలో చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇజ్రాయెల్ విస్తీర్ణం దాదాపు 22 వేల చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి కరీంనగర్ జిల్లా 11,823. అంటే జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి కలిసి ఉన్న అలాంటి జిల్లాలు రెండు వేస్తే ఇజ్రాయెల్‌ను మించిపోతాయి. అంత చిన్న దేశం ఐరన్ డోమ్, డేవిడ్స్ స్లింగ్, యారో అని మూడు అంతస్తుల రక్షణ కట్టుకుంది. పైగా అమెరికా వెన్నంటి నిలిచింది. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ వేసిన మూడొందలకు పైగా డ్రోన్లు, క్షిపణుల్లో 99 శాతం ఆపామన్నారు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జోర్డాన్ చేతులు అందులో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 1న దాదాపు 180 బాలిస్టిక్ క్షిపణులు వచ్చినప్పుడు నెవాటిమ్ వైమానిక స్థావరం మీద చాలానే పడ్డాయి. 2025 జూన్‌లో పన్నెండు రోజుల యుద్ధంలో ఇరాన్ 500కు పైగా బాలిస్టిక్ క్షిపణులు వేసింది. తొంభై శాతం దాకా ఆపామని ఇజ్రాయెల్ అధికారులు చెప్పారు. మిగిలిన కొద్ది శాతమే బీర్‌షెబాలో సొరోకా ఆసుపత్రినీ, బాత్ యామ్‌లో అపార్టుమెంటునూ దెబ్బతీసి, దాదాపు ముప్పై మందిని చంపింది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి అక్కడ వృద్ధుల సంరక్షకులుగా పనిచేస్తున్నవాళ్లు ఆ పన్నెండు రోజులూ బంకర్లకూ ఇళ్లకూ మధ్య పరుగులు తీశారు. తొంభై శాతం అన్న అంకె వాళ్లను నిద్రపోనివ్వలేదు.

శాతాలతో వచ్చిన చిక్కే అది. పరీక్షలో తొంభై మార్కులంటే సంబరం. బాలిస్టిక్ క్షిపణుల విషయంలో మిగతా పది మార్కులే శవాల లెక్క. పైగా శాతం ఎంతసేపు నిలుస్తుందన్నది ఎవరూ అడగరు. ఆకాశ్ బ్యాటరీని తీసుకోండి. సాధారణంగా నాలుగు లాంచర్లు, ఒక్కోదాని మీద మూడు క్షిపణులు, మొత్తం పన్నెండు. ఒక క్షిపణి తగిలే అవకాశం ఎనభై శాతం అనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే). ఒక్కో లక్ష్యానికి రెండేసి పేలిస్తే అవకాశం 96 శాతానికి పెరుగుతుంది. బాగుంది. కానీ అలా చేస్తే ఆ పన్నెండూ ఆరు లక్ష్యాలకే సరి. ఏడోది వస్తే లాంచర్ మళ్లీ నింపేదాకా ఆ చోటును కాపాడాల్సింది పక్కనున్న తుపాకీయే. శత్రువు చేసే పని కూడా ఇదే. ముందు చవక సరుకు పంపించి లాంచర్లు ఖాళీ చేయించడం, తర్వాత అసలు సరుకు పంపడం.

ఖర్చు లెక్క ఇంకా దారుణం. అమెరికా పేట్రియాట్ వ్యవస్థలో వాడే పీఏసీ-3 ఎంఎస్ఈ క్షిపణి ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు. రూపాయల్లో ముప్పై కోట్లు దాటుతుంది. ఇరాన్ షాహెద్ డ్రోన్ ధరను 20 వేల నుంచి 50 వేల డాలర్లుగా అంచనా వేస్తారు. ప్రపంచంలో అందరికంటే పెద్ద ఆయుధ పరిశ్రమ ఉన్న అమెరికాలోనే ఆ క్షిపణులు ఏడాదికి కొన్ని వందలే తయారవుతాయి. కాబట్టి ‘మా దగ్గర ఏ క్షిపణి ఉంది’ అన్నది సగం ప్రశ్న. ‘ఎన్ని ఉన్నాయి, నెలకు ఎన్ని చేయగలం’ అన్నదే అసలు ప్రశ్న. 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్ లిమిటెడ్ కంచన్‌బాగ్‌లో, సంగారెడ్డి జిల్లా భానూర్‌లో ఏం చేస్తుందో, ఎంత వేగంగా చేస్తుందో అన్నది రేంజి అంకె కంటే ఎక్కువ విలువైన రక్షణ సమాచారం.

గల్ఫ్ దేశాల సంగతి ఈ ప్రాంతానికి పరాయి వార్త కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో దుబాయ్, ఖతార్, సౌదీలకు మనిషి పోని ఇల్లు వెతికితే గానీ దొరకదు. అక్కడ డబ్బుకు కొదవ లేదు. కొనగలిగిన రక్షణ వ్యవస్థలన్నీ కొన్నారు. అయినా 2019 సెప్టెంబరు 14న సౌదీలో అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు నేరుగా వచ్చి పడ్డాయి. రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి, అంటే ఆ దేశపు ఉత్పత్తిలో సగం, కొన్నాళ్లు ఆగిపోయింది. పేట్రియాట్లు ఉన్నాయి. అవి ఎత్తున వచ్చే బాలిస్టిక్ క్షిపణుల కోసం కాచుకుని ఉన్నాయి. వచ్చినవి నేలబారున వచ్చాయి.

2022 జనవరి 17న అబుదాబి ముసఫ్ఫాలో దాడికి ఇంధన ట్యాంకర్లు పేలాయి. ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ చనిపోయారు. యూఏఈ దగ్గర థాడ్ అనే అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ ఉంది, పేట్రియాట్ ఉంది. యెమెన్ నుంచి హూతీలు పంపిన వాటిలో చాలావరకు ఆ దేశం ఆపింది కూడా. ఆగనివి కొన్నే. ఆ కొన్ని వెళ్లి తగిలింది కూలికి పోయినవాళ్లు పనిచేసే చోట.

ఖతార్ ఉదాహరణ ఇంకా విచిత్రం. 2025 జూన్ 23న ఇరాన్ అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి 14 క్షిపణులు వేస్తే 13 కూల్చామని అమెరికా చెప్పింది. ఆ పద్నాలుగోది ప్రమాదం లేని దిక్కుకు పోతోందని వదిలేశామన్నారు. తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో ఆ స్థావరంలో ఒక సమాచార వ్యవస్థ గుమ్మటం కనపడకుండా పోయింది. సరే, ఘనవిజయమే అనుకుందాం. రెండున్నర నెలలకు, సెప్టెంబరు 9న, ఇజ్రాయెల్ విమానాలు దోహా నగరంలోనే ఒక భవనాన్ని కొట్టాయి. వాడిన ఆయుధాలను రాడార్లు పట్టలేకపోయాయని ఖతార్ ప్రధానే చెప్పారు. అదే దేశం, అవే రాడార్లు, అదే ఏడాది. మారింది దాడి వచ్చిన తీరు, చేసినవాళ్లు. జూన్‌లో వచ్చిన 13/14 అన్న మార్కు సెప్టెంబరులో ఎవరికీ అక్కరకు రాలేదు.

కనపడటం, ఆపడం కూడా ఒకటి కాదు. 2022 మార్చి 9న భారత్ నుంచి పొరపాటున పేలిన బ్రహ్మోస్ క్షిపణి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. సిర్సా వైపు నుంచి మొదలైన దాని దారినంతా గమనించామని పాకిస్తానే చెప్పుకుంది. గమనించింది, ఆపలేదు. అంతకు అయిదు నెలల ముందే, 2021 అక్టోబరులో, చైనా నుంచి తెచ్చిన హెచ్‌క్యూ-9 గగనతల రక్షణ వ్యవస్థను ఆ దేశం ఆర్భాటంగా సైన్యంలో చేర్చుకుంది. అప్పుడు అక్కడా ఈగ వాలదనే అన్నారు. 2025 మే 10న మన దాడుల్లో వాళ్ల స్థావరాలు నూర్ ఖాన్ నుంచి భోలారీ దాకా దెబ్బతిన్నాయి. సరిహద్దు అవతలి గప్పాలు చూసి నవ్వుకునేవాళ్లు అదే బడాయి ఇవతల వినిపిస్తే చప్పట్లు కొట్టడం న్యాయం కాదు.

పేల్చకూడని దాన్ని పేల్చడం మరో ప్రమాదం. 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బుడ్గాంలో మన స్పైడర్ క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, నేల మీద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పని ఆ అక్టోబరులో నాటి వైమానిక దళాధిపతి భదౌరియా బాహాటంగా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది జనవరి 8న టెహ్రాన్‌లో ఇరాన్ క్షిపణులు ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని కొట్టి 176 మందిని చంపాయి. రెండు చోట్లా క్షిపణి చక్కగానే పనిచేసింది. విఫలమైంది గుర్తింపు, ఆదేశాల వరుస, భయం పట్టిన ఆ కొన్ని నిమిషాలు. బ్రోచర్‌లో వీటికి గడి ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో ఒక పేట్రియాట్ బ్యాటరీ వందకు పైగా గంటలు ఆపకుండా నడిచింది. గడియారం లెక్కలో పోగైన చిన్న తేడా మూడో వంతు సెకను దాటింది. ఆ తేడాతో రాడార్ చూడాల్సిన చోట చూడలేదు. ఇరాక్ స్కడ్ క్షిపణి సైనికుల బ్యారక్ మీద పడి 28 మంది అమెరికన్లు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడికి చేరింది మర్నాడు.

ఆకాశ్ దగ్గరికి వద్దాం. ఇది ఈ నేల బిడ్డ. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వాన మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో భాగంగా హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ దీన్ని రూపొందించింది. సైన్యాల చేతికి చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యాన్ని వెక్కిరించినవాళ్లకు 2025 మే గట్టి జవాబే చెప్పింది. కానీ దాని చరిత్రలో ఒక పేజీని అభిమానులు తిప్పరు. 2017లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, 2014లో పరీక్షించిన ఇరవై ఆకాశ్ క్షిపణుల్లో ఆరు విఫలమయ్యాయి. ముప్పై శాతం. కొన్ని లక్ష్యానికి ముందే పడిపోయాయి, కొన్నింటికి వేగం చాలలేదు, కొన్నింటిలో కీలక భాగాలు పనిచేయలేదు. అప్పుడు కొందరు ‘దేశద్రోహులు మన క్షిపణిని కించపరుస్తున్నారు’ అన్నారు, ఇంకొందరు ‘ఇది ఎందుకూ పనికిరాదు, విదేశాలవే కొనండి’ అన్నారు. ఇద్దరివీ తప్పులే. లోపం ఎంచి చూపడం ఆడిటర్ల పని, దిద్దుకోవడం ఇంజినీర్ల పని. ఎంచి చూపే పని ఆగిపోతే దిద్దుకునే పనికి తొందర ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే ఎదుటివాళ్ల ఆఖరి వాదన వస్తుంది. ఇలాంటి ప్రశ్నలడిగితే సైనికుల మనోబలం దెబ్బతింటుందట. ప్రశ్నలడుగుతున్నది సైన్యమే అన్నది వీళ్లకు తెలియదో, తెలిసీ తెలియనట్టు ఉంటారో. మరిన్ని వ్యవస్థలు కావాలని బహిరంగంగా అడిగింది సైన్యం ఉపాధిపతి. నాలుగు స్థావరాల్లో నష్టం జరిగిందని చెప్పింది యూనిఫాం వేసుకున్న అధికారిణి. యుద్ధ విమానాలు కోల్పోయామని మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నది త్రిదళాధిపతి. వాళ్లకు లేని మొహమాటం ప్రేక్షకులకు ఎందుకు?

ముందు ముందు ఏం చేయాలన్న దాంట్లోనూ ఈ ఈగ సిద్ధాంతం దారి తప్పిస్తుంది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధాని సుదర్శన చక్ర పథకం ప్రకటించారు. 2035 నాటికి సైనిక కేంద్రాలతో పాటు ఆసుపత్రులు, రైల్వేలు, ప్రార్థనా స్థలాలు సహా ముఖ్య ప్రదేశాలన్నిటికీ రక్షణ అన్నారు. వారం తిరిగేసరికి, ఆగస్టు 23న, ఒడిశా తీరంలో క్యూఆర్‌శామ్, వీషోరాడ్స్ క్షిపణులనూ, హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘చెస్’ తయారుచేసిన లేజర్‌నూ కలిపి పరీక్షించారు. అంతకు ముందు ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా స్థలంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం డ్రోన్లను కాల్చి కూల్చింది. చవక డ్రోన్‌కు చవక సమాధానం వెతుకుతున్నారన్నమాట, దిశ సరైనదే. అయితే అన్నిటినీ కాపాడతామనే మాట లెక్కకు నిలవదు. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీకి ఒక బ్యాటరీ పెడితే, మిడ్ మానేరుకు ఎవరు, విశాఖ ఓడరేవుకు ఎవరు, కంచన్‌బాగ్‌కు ఎవరు? వరుస కట్టాల్సిందే. వరుస కట్టడమంటే కొన్నిటిని వదిలేయడం. ఆ నిర్ణయం గురించి చర్చ ఉండాలి. ‘ఈగ వాలదు’ అని నమ్మిన జనం మధ్య ఆ చర్చ పుట్టనే పుట్టదు.

వదిలేసిన చోట్ల మిగిలేది పాత పద్ధతులే. విమానాలను ఒకే చోట నిలపకుండా చెదరగొట్టడం, గట్టి కాంక్రీటు షెడ్లు, రన్‌వే గంటల్లో బాగుచేసే దళాలు, దీపాలార్పడం, సైరన్లు, ఆసుపత్రుల్లో అదనపు పడకలు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తెలుగు నేలకు ఈ పాఠం తగిలింది. తర్వాత తరాలు మరిచిపోయాయి. 2025 మే 7న దేశవ్యాప్తంగా మాక్ డ్రిల్ జరిపితే తెలంగాణలో అది సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి లాంటి హైదరాబాద్ ప్రాంతాలకే పరిమితమైంది. చాలామందికి అది చూడముచ్చటైన తతంగం. నిజానికి దాడి తర్వాత తెల్లారి ఒక స్థావరం, ఒక విద్యుత్ కేంద్రం మళ్లీ నడుస్తుందా లేదా అన్నదే గగనతల రక్షణకు అసలు పరీక్ష. ఎన్ని కూల్చామన్నది ఆ తర్వాతి మాట.

ఇదంతా కోనరావుపేట చదువరికి దూరపు లెక్కలా అనిపిస్తే, దోహాలోనో అబుదాబిలోనో ఉన్న తమ్ముణ్నీ కొడుకునీ తలచుకుంటే చాలు. అల్ ఉదైద్ మీద క్షిపణులు పేలిన రాత్రి దోహా ఆకాశంలో మెరుపుల వీడియోలు నిమిషాల్లో ఊళ్లకు చేరాయి. తీసినవాళ్లు ఆరుబయటో, మేడల మీదో నిలబడి ఉంటారు. కూలిన క్షిపణి ఆకాశంలో మాయం కాదు, దాని ముక్కలు ఎక్కడో ఒకచోట పడతాయి. అక్కడి ప్రభుత్వం లోపలే ఉండమంటే లోపలే ఉండాలి, కిటికీలకు దూరంగా, కింది అంతస్తులో. పాస్‌పోర్టు, ఫోన్ చార్జర్, నీళ్ల సీసా ఒకచోట పెట్టుకోవాలి, రాయబార కార్యాలయంలో పేరు నమోదై ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడి నుంచి ఫోన్ చేసేవాళ్లు ‘వీడియో పంపు’ అనకుండా ‘లోపలికి పో’ అనాలి.